ఆడిట్ ఆఫీసులో ఏఐ: నాలుగు దారులు, ఏ బల్లకు ఏది

పది పదిహేను మంది పనిచేసే ట్యాక్స్, అకౌంట్స్ ఆఫీసు ఏఐ మీద డబ్బు పెట్టాలనుకున్నప్పుడు మొదట వచ్చే ప్రశ్న "వీటిలో ఏది బెస్ట్?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఎక్కడికీ చేరలేం. ఒకే ఆఫీసులో బిల్లులు ఎక్కించే బల్లకు పనికొచ్చేది, నోటీసులకు జవాబు రాసే బల్లకు పనికిరాదు. అందుకే ఎక్సెల్, బిల్లులు చదివే సాఫ్ట్‌వేర్, చాట్ ఏఐ, సొంత కంప్యూటర్ మీద నడిచే మోడల్ అనే నాలుగు దారుల పోలికను పనుల వారీగా చేశాం.

ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. మెషీన్ తప్పు చేస్తే క్లయింటుకు, పన్ను డిపార్ట్‌మెంటుకు జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు? ఆ మనిషి ఆ తప్పును పట్టుకోవడానికి, పని మొత్తం తానే చేసుకోవడానికి పట్టే టైము కన్నా తక్కువ పడుతుందా? రెండో ప్రశ్నకు "లేదు" అని జవాబు వస్తే ఆ పనిలో ఏఐ పెట్టకండి, డెమో ఎంత ముచ్చటగా ఉన్నా సరే. కింద చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

కొనేముందు పనుల చిట్టా

రెండు వారాల పాటు అందరికీ తలా ఒక కాగితం ఇవ్వండి. పని పేరు, పట్టిన నిమిషాలు, మళ్లీ చేయాల్సి వచ్చిందా లేదా, ఈ మూడు గళ్లు చాలు. కాగితం మీద పేరు రాయించకండి. పేరు రాయిస్తే ఎవరైనా ఎనిమిది గంటలకు సరిపడా నింపి ఇస్తారు, మీకు నిజం తెలియదు.

ఈ కాగితాలు కలిపి చూస్తే, ఎంట్రీ కన్నా క్లయింటు దగ్గర్నుంచి బిల్లులు రప్పించుకోవడానికే ఎక్కువ టైము పోతోందని తేలే ఆఫీసులు చాలా ఉంటాయి. "సార్, జూన్ పర్చేజ్ బిల్లులు ఇంకా రాలేదు" అని వాట్సాప్‌లో నాలుగుసార్లు అడిగే పనికి ఏఐ కొన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నెల 3న, 6న వెళ్లే రెండు రెడీమేడ్ మెసేజ్‌లు, బిల్లులు ఇంకా పంపని వాళ్ల లిస్టు ఉంటే సరిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 14న 2బీ (సప్లయర్లు ఎక్కించిన కొనుగోలు బిల్లుల లిస్టు), 20న 3బీ (పన్ను కట్టే నెలవారీ రిటర్ను). జులైలో ఐటీ రిటర్నులు, సెప్టెంబరులో ట్యాక్స్ ఆడిట్లు, డిసెంబరులో జీఎస్టీఆర్-9 (జీఎస్టీ వార్షిక రిటర్ను). ఈ ఒత్తిడి మధ్యలో కొత్త సాఫ్ట్‌వేర్ చేతికిస్తే ఎవరైనా పాత పద్ధతికే పోతారు. అది మొండితనం అనుకోకూడదు, రిటర్న్ లేటయితే లేట్ ఫీజు పడేది వాళ్లు చూసే ఫైలు మీదే. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న టైము మంచిది. నెలలో అయితే 21 తర్వాత మొదలుపెట్టండి.

మొదటి దారి: ఏఐ లేకుండా, ఉన్న ఎక్సెల్, టాలీలతోనే

ఎక్కువ ఆఫీసులకు ముందు ఇదే చెప్తాం. 2బీని పర్చేజ్ రిజిస్టర్‌తో సరిచూసే పని తీసుకోండి. "దీనికి ఏఐ కావాలి" అని అందరూ అనుకునే పని ఇది. నిజానికి ఇది ఏఐ పని కాదు. రెండు లిస్టుల్లో ఒకే బిల్లును కలపాలి, కలిపిన తీరు ప్రతి నెలా ఒకేలా ఉండాలి, ఎవరైనా అడిగితే ఎలా కలిసిందో చూపించాలి. ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ (లిస్టులు శుభ్రం చేసి కలిపే సాధనం) ఈ మూడూ చేస్తుంది.

చేసే తీరు ఇలా. పోర్టల్ నుంచి దించుకున్న 2బీ ఎక్సెల్‌లో బీ2బీ (వ్యాపారుల మధ్య బిల్లుల) షీటు పై వరుసల్లో కలిపేసిన హెడింగులు ఉంటాయి, వాటిని తీసేయాలి. రెండు లిస్టుల్లోనూ బిల్లు నంబరు గడిని టెక్స్ట్‌గా మార్చాలి. ఇది మర్చిపోతే 3-24 అనే బిల్లు నంబరును ఎక్సెల్ తేదీ అనుకుని మార్చి-24 చేసేస్తుంది, పొడుగాటి నంబర్ల చివరి అంకెలను సున్నాలు చేస్తుంది. తర్వాత బిల్లు నంబరులో ముందు ఆర్థిక సంవత్సరం ముక్క కోసేసి, అంకెలు తప్ప మిగతావన్నీ తీసేసి, ముందున్న సున్నాలు తొలగించాలి. అప్పుడు పోర్టల్‌లో "విజెఏ/0123/25-26" అని ఉన్నదీ, మీ అకౌంటెంట్ "123" అని కొట్టినదీ దగ్గరకొస్తాయి.

కలపడం మూడు విడతలుగా చేయండి. మొదటి విడతలో జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ట్యాక్సబుల్ విలువ మూడూ కలవాలి, విలువలో ఒక రూపాయి తేడాను వదిలేయండి. రెండో విడతలో బిల్లు నంబరు వదిలేసి జీఎస్టీ నంబరు, విలువ, నెల చూడండి. మూడోది సప్లయర్ వారీ మొత్తం. అప్పటికీ మిగిలినవి మనిషి చూడాలి, మనిషి చూడాల్సినవి కూడా అవే. జీఎస్టీ పోర్టల్‌లో సప్లయర్ బిల్లుల మీద నిర్ణయం చెప్పే ఐఎంఎస్‌లో ఏ బిల్లు ఒప్పుకోవాలి, ఏది తిరస్కరించాలి, ఏది పెండింగ్‌లో ఉంచాలి అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌కీ వదలకండి. పొరపాటున తిరస్కరిస్తే మీ క్లయింటుకు, అతని సప్లయర్‌కు మధ్య గొడవ మొదలవుతుంది.

ఈ పనినే చాట్ ఏఐకి రెండు ఫైళ్లు ఇచ్చి చేయించుకోవచ్చు కదా అంటారు. ఈ నెల చేసిపెడుతుంది కూడా. వచ్చే నెల అదే మాట అడిగితే వేరే తీరులో కలపవచ్చు, ఈ నెల కలిసినది అప్పుడు కలవకపోవచ్చు. మధ్యేమార్గం ఒకటుంది: నంబర్లు శుభ్రం చేసే ఫార్ములాను ఏఐతో రాయించుకోండి, లెక్క మాత్రం ఎక్సెల్‌తో చేయించండి. ఫార్ములా ఒకసారి సరిచూసుకుంటే చాలు, ప్రతి నెలా అదే పనిచేస్తుంది, క్లయింటు డేటా మీ కంప్యూటర్ దాటదు.

ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇబ్బంది ఒక్కటే, ఆఫీసులో కనీసం ఇద్దరికి పవర్ క్వెరీ రావాలి. ఒక్కరికే వస్తే ఆ మనిషి సెలవు పెట్టిన నెల మొత్తం ఆగుతుంది.

రెండో దారి: బిల్లులు చదివి ఎంట్రీ చేసే సాఫ్ట్‌వేర్

ఫొటో తీస్తే బిల్లు చదివి వోచర్‌గా (ఖాతాలోని ఎంట్రీగా) మార్చేవి ఇవి. నెలకు రెండు మూడు వేల పర్చేజ్ బిల్లులు వచ్చే ఆఫీసులకు ఆశ పుట్టించేవి ఇవే, జాగ్రత్తగా చూడాల్సినవీ ఇవే.

ముందుగా, క్యూఆర్ ఉన్న బిల్లులను పక్కన పెట్టండి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులు తోటి వ్యాపారులకు అమ్మినప్పుడు ఈ-ఇన్‌వాయిస్ (క్యూఆర్ ఉండే బిల్లు) ఇవ్వాలి. ఆ క్యూఆర్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ప్రధాన వస్తువు హెచ్‌ఎస్‌ఎన్ కోడు (వస్తువు రకం నంబరు), ఐఆర్‌ఎన్ (ఆ ఈ-ఇన్‌వాయిస్‌కు ఇచ్చే ప్రత్యేక నంబరు) ఉంటాయి. స్కాన్ చేస్తే అక్షరం పొల్లుపోకుండా వస్తాయి. పన్ను విడివిడిగా ఎంతన్నది మాత్రం అందులో ఉండదు, అది 2బీ నుంచి తీసుకోవచ్చు. అంటే పెద్ద సప్లయర్ల బిల్లులకు ఏఐ చదువు అక్కర్లేదు.

మిగిలేవి చిన్న కొట్ల బిల్లులు, థర్మల్ కాగితం మీద సగం చెరిగిపోయినవి, చేతిరాతవి. అసలు తప్పులు జరిగేది ఇక్కడే. "1,250/-" చివర ఉన్న గీతను 1 అనుకుని 12501 అని చదువుతుంది. సున్నాను ఓ అని, 5ను ఎస్ అని, 8ను బీ అని తీసుకుంటుంది. మిర్చి యార్డు నుంచి వచ్చే కాగితం మీద తెలుగులో రాసిన ముఠా కూలి, కాటా ఖర్చు, కమీషన్ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చేతిరాత తెలుగు బిల్లులు ఎక్కువగా ఉన్న క్లయింట్లకు ఈ దారి ఇంకా వద్దనే చెప్తాం.

ఈ తప్పుల్లో చాలా వాటిని మనిషి కళ్లకు పని పెట్టకుండానే పట్టవచ్చు. జీఎస్టీ నంబరు 15 గడులది. మొదటి రెండూ రాష్ట్రం కోడు, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. 3 నుంచి 7 దాకా అక్షరాలే ఉండాలి, 8 నుంచి 11 దాకా అంకెలే, 12 మళ్లీ అక్షరం. 15వది ముందు పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి వచ్చేది. కాబట్టి నాలుగో గడిలో 5 కనిపిస్తే అది ఎస్ అయ్యుండాలి, తొమ్మిదో గడిలో ఓ కనిపిస్తే అది సున్నా. చివరి గడి లెక్క తప్పితే ఆ బిల్లు ఆపేయాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "మీది ఈ లెక్క చూస్తుందా, లేక చదివింది చదివినట్టు పంపేస్తుందా?"

ఇంకో పరీక్ష: విజయవాడ క్లయింటుకు 36తో మొదలయ్యే సప్లయర్ బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి పడే పన్నులు) కనిపిస్తే జెండా ఎగరాలి, అంటే సాఫ్ట్‌వేర్ ఆ బిల్లును ఆపి చూడమనాలి. అన్నిసార్లూ అది తప్పని కాదు. హైదరాబాద్ హోటల్లో బస చేసిన బిల్లు సరిగ్గా అలాగే వస్తుంది, అప్పుడు ఆ పన్ను క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. ఈ తేడా తెలిసిన అకౌంటెంటును ఎంట్రీ పని నుంచి తీసి ఇలాంటి జెండాల మీద కూర్చోబెట్టడమే ఈ సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే అసలు లాభం.

ఇక సరిచూసే మనిషి సంగతి. అమ్మేవాళ్లు దీన్ని తేలిగ్గా చెప్తారు: "మీ వాళ్లు ఒకసారి చూసి ఓకే కొడితే చాలండీ." వరుసగా యాభై బిల్లులు సరిగ్గా ఉంటే యాభై ఒకటోది చూడకుండానే వేలు ఓకే మీదికి పోతుంది. ఎంత శ్రద్ధగల వాళ్లకైనా ఇలా జరుగుతుంది. అందుకు చేయాల్సినవి: ఒక విడతలో 40 బిల్లులు మించొద్దు. బిల్లు బొమ్మ, చదివిన అంకెలు ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన ఉండాలి, ట్యాబ్ మార్చాల్సి వస్తే ఎవరూ మార్చరు. నెలకోసారి 100 బిల్లుల్లో 5 తప్పులు కావాలని కలపండి, కలిపినట్టు అందరికీ ముందే చెప్పండి. ఐదింటిలో నాలుగైనా దొరక్కపోతే విడత తగ్గించండి, స్క్రీన్ మార్చండి. ఫలానా వాళ్లు పట్టలేదని లెక్క రాయకండి. రాశారంటే ఆ మరుసటి నెల నుంచి అందరూ ఆ ఐదింటి కోసమే వెతుకుతారు.

లాభం ఉందో లేదో గడియారంతో చూడండి. ఉదాహరణకు చేత్తో బిల్లుకు 2 నిమిషాలు పడితే వందకు 200 నిమిషాలు. మెషీన్‌తో స్కానింగ్ 30 నిమిషాలు, సరిచూడడం బిల్లుకు 40 సెకన్ల చొప్పున 67 నిమిషాలు, తప్పు చదివినవి 12 ఉంటే ఒక్కోదానికి 3 నిమిషాల చొప్పున 36. మొత్తం 133, గంటకు పైగా మిగిలింది. అదే తప్పులు 35 అయితే 202 నిమిషాలు, రూపాయి పెట్టి రెండు నిమిషాలు పోగొట్టుకున్నట్టు. మీ క్లయింట్ల బిల్లులతోనే ఈ లెక్క చేయండి, డెమో బిల్లులన్నీ శుభ్రంగా ప్రింటైనవే ఉంటాయి.

టాలీలోకి పంపేటప్పుడు ఒక మాట. కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్‌కు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఎప్పుడు ఏం మార్చారో రాసుకునే చిట్టా) తప్పనిసరి. ఈ సాఫ్ట్‌వేర్ ద్వారా వచ్చే వోచర్లకు విడిగా ఒక యూజర్ పేరు పెట్టండి. అడ్మిన్ పేరు మీదో, అకౌంటెంట్ పేరు మీదో పంపితే, ఆ అంకె ఎవరు కొట్టారో రెండేళ్ల తర్వాత తేలదు. మెషీన్ చేసిన తప్పు అకౌంటెంట్ పేరు మీద పడితే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ నమ్మరు.

మూడో దారి: ఆఫీసు ఖాతాతో చాట్ ఏఐ

చాట్‌జీపీటీ, జెమిని, కోపైలట్, క్లాడ్ ఏదైనా సరే, ఆఫీసు పేరు మీద డబ్బు కట్టి తీసుకున్న ఖాతాకూ, మన ఫోన్‌లోని ఉచిత ఖాతాకూ చాలా తేడా ఉంది. వ్యక్తిగత ఖాతాల్లో మనం పెట్టిన మాటలు, సెట్టింగ్ మార్చకపోతే, మోడల్ (జవాబులిచ్చే ఏఐ ప్రోగ్రామ్) శిక్షణకు వాడుకునే అవకాశం ఉంటుంది. బిజినెస్ ఖాతాల్లో మామూలుగా అలా వాడరు. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టాక కంపెనీ వాడకమే ఆపేసింది. 2025 జనవరిలో మన ఆర్థిక మంత్రిత్వ శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటి వాటిని వాడొద్దని ఉద్యోగులకు చెప్పింది. చార్టర్డ్ అకౌంటెంట్లకైతే ఇంకా సూటిగా ఉంది: క్లయింటు అనుమతి లేకుండా అతని సమాచారం బయటపెట్టడం 1949 చట్టం రెండో షెడ్యూలు ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (క్లయింటుతో పని ఒప్పంద పత్రంలో) ఏఐ వాడకం గురించి ఒక పేరా చేర్చండి, వద్దన్న క్లయింటుకు "మీ ఫైలుకు వాడం" అని మాట ఇవ్వండి.

ఈ దారి దేనికి బాగుంటుంది? ఇరవై పేజీల నోటీసులో డిపార్ట్‌మెంటు ఏమేమి అడిగిందో పాయింట్లుగా విడగొట్టడానికి. క్లయింటుకు అర్థమయ్యే భాషలో ఉత్తరం రాయడానికి. ఎక్సెల్ ఫార్ములాలకు. చిత్తు మెయిళ్లకు. ఈ పనుల్లో తప్పు ఉంటే చదివిన వెంటనే కనిపిస్తుంది, రెండో ప్రశ్నకు "అవును" అని ధైర్యంగా చెప్పవచ్చు.

దేనికి వద్దు? సెక్షన్ నంబర్లకు, రేట్లకు, తీర్పులకు. అవి తప్పుగా ఉన్నా చదవడానికి సరిగ్గానే ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 12 శాతం శ్లాబే పోయింది. అంతకు ముందటి పాఠాలతో తయారైన మోడల్ పాత రేటు చెప్తుంది, అది కూడా తడబడకుండా. ఆదాయపు పన్నులో ఇంకా చిక్కు ఉంది: 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, సెక్షన్ల నంబర్లు దాదాపు అన్నీ మారాయి, పాత సంవత్సరాల కేసులు మాత్రం 1961 చట్టం కిందే నడుస్తాయి. ఈ రెంటినీ కలిపేసిన జవాబును జూనియర్ పట్టుకోలేడు. ఇక తీర్పులంటారా, బెంగళూరు ఐటీఏటీ (ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్) 2024 డిసెంబరు చివర్లో ఇచ్చిన ఒక ఆర్డరులో అసలు లేని తీర్పులు ఉదహరించినట్టు తేలి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ట్రైబ్యునల్‌లోనే అలా జరిగిందంటే, 19వ తేదీ రాత్రి ఒత్తిడిలో ఉన్న ఆర్టికల్‌ను (సీఏ శిక్షణలో ఉన్న విద్యార్థిని) ఏమంటాం? ఆఫీసులో ఒకే నియమం పెట్టండి: ఏఐ ఉదహరించిన ప్రతి తీర్పుకూ పీడీఎఫ్ తెరిచి, ఆ పేరా చదివి, ఫైల్లో పెట్టాకే అది డ్రాఫ్టులో ఉండాలి. పీడీఎఫ్ లేకపోతే ఆ లైను తీసేయాలి.

వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్‌లలోనే కలిసి ఉండే మైక్రోసాఫ్ట్ కోపైలట్, జీమెయిల్, షీట్స్‌లలో ఉండే జెమిని ఈ దారిలోని ఇంకో రకం. వాటికి బయటి నుంచి ఫైళ్లు అందించక్కర్లేదు, అలవాటైన స్క్రీన్ మీదే ఉంటాయి కాబట్టి వయసులో పెద్ద స్టాఫ్‌కు తేలిక. అయితే ఆ మనిషికి ఏ ఫైళ్లు తెరిచే అనుమతి ఉందో అవన్నీ కోపైలట్ చూడగలదు. జీతాల షీటును ఎప్పుడో అందరికీ షేర్ చేసి మర్చిపోయి ఉంటారు, ఎవరూ అంత లోతు ఫోల్డర్లోకి వెళ్లరు కాబట్టి బయటపడదు. కోపైలట్‌ను "మన ఆఫీసు జీతాల వివరాలు" అని ఎవరైనా అడిగితే అది వెళ్లి తెచ్చి పెడుతుంది. ఈ రకం తీసుకునేముందు ఒక వారం ఫోల్డర్ల అనుమతులు సరిచేయడానికే పెట్టుకోండి. క్లయింటు వారీగా ఫోల్డర్, ఆ ఫైలు చూసేవాళ్లకే అనుమతి. ఈ పని చేయలేని ఆఫీసు విడి చాట్ ఖాతా తీసుకోవడమే క్షేమం.

నాలుగో దారి: సొంత కంప్యూటర్ మీద నడిచే మోడల్

క్లయింటు డేటా గోడ దాటకూడదనుకునేవాళ్లకు ఇది నచ్చుతుంది. ఒల్లామా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లామా, జెమ్మా మోడళ్లను ఆఫీసులోనే నడపవచ్చు. 800 కోట్ల పారామీటర్ల (మోడల్ సైజు చెప్పే లోపలి అంకెల) మోడల్‌ను, ఒక్కో అంకెకు 4 బిట్‌ల చోటే పట్టేలా కుదిస్తే సుమారు 5 జీబీ మెమరీ తీసుకుంటుంది, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద హాయిగా నడుస్తుంది. 2700 కోట్ల పారామీటర్లది కావాలంటే 24 జీబీ కార్డు చూసుకోవాలి. కార్డు లేకుండా 16 జీబీ ర్యామ్ మీద కూడా చిన్నది నడుస్తుంది కానీ జవాబు నత్తనడక, రెండో వారానికి ఎవరూ దాని దగ్గరికి పోరు.

ఇక్కడ అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది. ఒక విడతలో మోడల్ ఎంత పొడవు చదవాలన్నది ఒక సెట్టింగు. ఒల్లామాలో అది మామూలుగా తక్కువగానే, చాలా యంత్రాల మీద 4096 టోకెన్లకే (మోడల్ చదివే మాట ముక్కలకే) ఉంటుంది. పన్నెండు పేజీల నోటీసు పెడితే అందులో పట్టనిది మాట్లాడకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రాదు. ఉన్న ముక్క మీదే చక్కటి సారాంశం రాసిస్తుంది, అడిగిన ఐదు పాయింట్లలో మూడే కనిపిస్తాయి. తెలుగు రాతకు టోకెన్లు ఇంగ్లిష్ కన్నా బాగా ఎక్కువ పడతాయి కాబట్టి తెలుగు కాగితాలకు ఇంకా త్వరగా నిండిపోతుంది. సెట్టింగు పెంచండి, పెంచితే మెమరీ కూడా ఎక్కువ కావాలి. మొదటి రోజే ఒక పరీక్ష చేయండి: పొడుగాటి కాగితం మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో అంకె దాచి, మూడూ చెప్పమనండి.

చిన్న మోడళ్ల తెలుగు క్లయింటుకు పంపే ఉత్తరానికి సరిపోదు, ఇంగ్లిష్ పనులకే వాడండి. యూపీఎస్, బ్యాకప్, అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి. అలాంటి మనిషి ఆఫీసులో లేకపోతే ఈ దారి వదిలేయండి.

స్టాఫ్ ముందు ఎలా పెట్టాలి

ఏ దారి ఎంచుకున్నా దాన్ని తెచ్చే పద్ధతులు మూడు కనిపిస్తాయి. ఒకటి, సోమవారం నుంచి అందరూ వాడాలని ఆర్డర్ వేయడం. రెండు, ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకోండి అని వదిలేయడం. మూడు, ఒకే బల్ల మీద ఆరు వారాలు నడిపి చూడడం. మొదటి దానిలో అందరూ తెరుస్తారు, పని మాత్రం పాత పద్ధతిలోనే చేసి ఫలితాన్ని అందులో పెడతారు, పని రెండింతలవుతుంది. రెండోది ఇప్పటికే మీ ఆఫీసులో నడుస్తూ ఉండొచ్చు, మీకు తెలియకుండా ఫోన్లలో. దాన్ని బయటికి రప్పించాలంటే తిట్టకుండా అడగాలి: "ఇప్పటిదాకా ఎవరు ఏం వాడారో చెప్పండి, ఎవరినీ ఏమీ అనం, ఇకమీదట ఆఫీసు ఖాతా వాడదాం." మూడో పద్ధతే పనిచేస్తుంది, అయితే ఆ బల్ల మీద ఎవరుండాలన్నది ముఖ్యం. కంప్యూటర్ అంటే సరదా ఉన్న కుర్రాడిని పెడితే అతనికి అన్నీ బాగానే ఉంటాయి. పని లోతు తెలిసి, కొత్తదాన్ని తొందరగా నమ్మని సీనియర్ అకౌంటెంట్‌ను కూడా అతని పక్కన పెట్టండి. ఆ సీనియర్ ఒప్పుకోని చోటే మీకు కావాల్సిన సమాచారం ఉంటుంది. ఆపేయమనే హక్కు కూడా ఆ సీనియర్‌కు ఇవ్వండి.

యజమాని రాతపూర్వకంగా చెప్పాల్సినవి మూడు. వచ్చే ఏడాదిలో దీనివల్ల ఎవరి ఉద్యోగమైనా పోతుందా లేదా. మిగిలిన గంటలు ఎటు పోతాయి, ఇంటికి తొందరగా వెళ్లడానికా, కొత్త క్లయింట్లకా. తప్పు జరిగితే అదే రోజు చెప్పినవాళ్లను ఏమీ అనబోమన్న మాట. మొదటి దానికి మీ దగ్గరే జవాబు లేకపోతే ఇంకా మొదలుపెట్టకండి, ఎందుకంటే జవాబు లేదన్న సంగతి అందరికీ తెలుస్తుంది. మన బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చింది కూడా మాట్లాడుకున్నాకే: 1983లో యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ దారి గీసింది. పది మంది ఆఫీసుకు సంఘాలు ఉండవు, అందుకే ఆ కాగితం యజమానే రాయాలి.

మొదటి మూడు నెలలు మనిషికి ఇచ్చే ఫైళ్ల సంఖ్య పెంచకండి. పెంచితే సరిచూసే టైము నుంచే కోసుకుంటారు.

ఆర్టికల్స్ విషయం విడిగా చూడాలి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేసే 5,179 మంది కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో ఏఐ సాయంతో గంటకు చేసే పని సగటున 14 శాతం పెరిగింది, కొత్తవాళ్లకైతే 34 శాతం. దీన్ని చూసి జూనియర్లకే ఎక్కువ ఇవ్వాలనిపిస్తుంది. అక్కడ అడిగే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చేవి, జవాబు తప్పయితే కస్టమర్ అప్పుడే చెప్పేస్తాడు. నోటీసు జవాబులో తప్పు ఏడాది తర్వాత ఆర్డరులో బయటపడుతుంది. పైగా ఆర్టికల్ మన దగ్గరికి వచ్చింది నేర్చుకోవడానికి. అందుకని మొదటి ఆరు నెలలు నోటీసు జవాబు చిత్తును అతను చేత్తోనే రాయాలి, ఆ తర్వాత అదే నోటీసుకు ఏఐ రాసింది పక్కన పెట్టి తేడాలు సీనియర్‌కు చెప్పాలి. అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట మిగుల్చుకోవద్దు. చదవడం వచ్చినవాడే రేపు మెషీన్ రాసిందాన్ని సరిచూడగలడు.

ఆరు వారాల తర్వాత

"బాగుంది సార్, స్పీడు పెరిగింది" అన్న మాటతో నిర్ణయం తీసుకోకండి. 2025లో మీటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్ల చేత 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడినప్పుడు 20 శాతం వేగంగా చేశామని వాళ్లు అనుకున్నారు, గడియారం ప్రకారం 19 శాతం ఎక్కువ టైము పట్టింది. మొదట్లో పట్టిన చిట్టా కాగితాలనే మళ్లీ ఇవ్వండి, సరిచూసే టైము కూడా రాయించండి. రెండూ పోల్చండి. ఇంకా అడగాల్సింది: ఈ ఏఐ వాడకం మానేస్తే నీకు బాధగా ఉంటుందా, హాయిగా ఉంటుందా? సరిచూసే పని రోజంతా చేయాల్సి వచ్చి విసిగిపోయిన అకౌంటెంట్, అంకెలు బాగున్నా, మూడు నెలల్లో ఇంకో ఆఫీసు చూసుకుంటుంది.

ఆఫీసు రకాన్ని బట్టి మా సలహా ఇది. చిన్న వ్యాపారులు, చేతిరాత బిల్లులు ఎక్కువైతే మొదటి దారి ఒక్కటే, ఏడాది దాకా ఇంకేమీ కొనకండి. ప్రింట్ బిల్లులు నెలకు రెండు వేలు దాటితే ముందు మొదటిది, అది నిలదొక్కుకున్నాక రెండోది. నోటీసులు, అప్పీళ్లు ప్రధానమైన ఆఫీసుకు మూడో దారి, ఐదు ఖాతాలతో మొదలుపెట్టండి. బ్యాంకులు, ఆసుపత్రులు క్లయింట్లుగా ఉండి, సిస్టమ్స్ చూసే మనిషి జీతం మీద ఉన్నచోటే నాలుగోది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది, భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లగలదు. కాబట్టి ఏ దారికైనా క్లయింటు డేటా ఎక్కడుందో చెప్పే ఒక పేజీ రిజిస్టరు ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

కొనేటప్పుడు మొదటి ఏడాది నెలవారీ ప్లానే తీసుకోండి, వార్షిక డిస్కౌంటు వదులుకోండి. కాంట్రాక్టులో రెండు లైన్లు వెతకండి: మానేసినప్పుడు మన డేటా ఎక్సెల్‌లో తిరిగిస్తారా, ఎన్ని రోజుల్లో వాళ్ల దగ్గర చెరిపేస్తారు. ఖాతా ఆఫీసు మెయిల్ మీద తెరవండి, ఎవరి సొంత జీమెయిల్ మీదా వద్దు. ఎవరైనా మానేసిన రోజే వాళ్ల టాలీ యూజర్‌తో పాటు ఈ ఖాతాను కూడా ఆపేయాలని రిలీవింగ్ చెక్‌లిస్టులో చేర్చండి.